కొండ లోపలి రైలుదారి

భూమిపైనున్న వస్తువులను మనము ప్రతిదినము చూచుచుందుము. అవి చెడినచో వెంటనే బాగుచేయుదుము. కంటికి కనబడక దాగియున్నవానిని మాత్రము మరచిపోవుదుము. ఇది చిన్న మాటయే. రైల్వేలో ముప్పదియైదేండ్లు కొలువుచేసిన నాకు ఇది ఏనాడో తెలిసియుండవలసినది. కాని దీనిని నేను నిజముగా నేర్చుకొన్నది ఉద్యోగము చాలించిన పిమ్మట, ఒక బల్ల యెదుట, పండ్రెండేండ్ల మనుమని ప్రక్కన నిలుచుండి.

మా అమ్మాయి కుటుంబము ఇంగ్లండులోని బాత్ నగరమున నివసించుచున్నది. ఒక వేసవిలో నేను వారియింట కొన్ని నెలలు గడిపితిని. కాజీపేటలో రైలుకూతల నడుమ బ్రదికినవానికి ఆ నిశ్శబ్దమైన వీథిలో ప్రొద్దుపోవుట కష్టమయ్యెను. నా మనుమడు అది కనిపెట్టెను. ఒక ఆదివారమునాడు, "తాతయ్యా, నీకొక వింత చూపెదను రమ్ము" అని నన్ను కోర్షాము అను చిన్న పట్టణమునకు వెంటబెట్టుకొనిపోయెను. అక్కడ రైలుమార్గమును దాటు ఒక వంతెనపై నిలిచి చూచితిమి. దూరమున పట్టాలు ఒక కొండ కడుపులోనికి దూరుచుండెను. అది ప్రసిద్ధమైన బాక్స్ సొరంగము. దాని పెద్ద ద్వారము ప్రక్కనే మరియొక చిన్న ద్వారము గలదు. అన్నగారి చేయి పట్టుకొని నిలుచున్న తమ్మునివలె అది నాకు తోచెను.

"పెద్ద ద్వారములోనుండి రైళ్ళు బ్రిస్టలునకు పోవును. మరి ఆ చిన్నది ఎక్కడకు పోవునో చెప్పుము, చూతము" అని మనుమడు నన్ను ప్రశ్నించెను. నేను చెప్పలేకపోతిని.

ఆ చిన్న ద్వారపు కథ తెలియవలెనన్న ముందుగా ఆ కొండ కథ తెలియవలయును. లండను నుండి బ్రిస్టలు వరకు గ్రేట్ వెస్టర్న్ రైల్వేను నిర్మించిన ఇంజనీరు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్. ఆయన ఆ దారికి అడ్డముగా నున్న బాక్స్ కొండను తొలిపించెను. సొరంగము పొడవు ఇంచుమించు 2.9 కిలోమీటర్లు. 1841వ సంవత్సరము జూన్ 30వ తేదీన అది తెరువబడెను. ఆ రోజులలో రాతిని పగులగొట్టుటకు వారమునకొక టన్ను మందు, లోపల వెలుతురునకు వారమునకొక టన్ను కొవ్వొత్తులు ఖర్చయ్యెనని చెప్పుదురు. ఆ పనిలో ప్రాణములు గోలుపోయిన కూలీలు సుమారు నూరుమంది యని లెక్క.

ఆ కొండలో దొరకు రాయి తేనెరంగు సున్నపురాయి. గనినుండి తీసినప్పుడు మెత్తగా నుండి రంపమునకు లొంగును. గాలి తగిలిన పిదప గట్టిపడును. బాత్ నగరపు అందమైన భవనములలో చాలభాగము అట్టి రాతితో కట్టినవే. రాయి కొట్టువారు కొండపైభాగమును కదల్పక లోపలనే గదులు గదులుగా తొలుచుకొనుచు, కప్పు కూలకుండ నడుమ నడుమ స్తంభములు విడిచిపెట్టిరి. ఈ విధముగా భూమి క్రింద చీకటిలో ఒక పెద్ద నగరమే ఏర్పడెను.

1930వ దశకమున ఐరోపాలో మరల యుద్ధమేఘములు క్రమ్ముకొనసాగెను. ఆకాశమునుండి బాంబులు పడినను చెక్కుచెదరని మందుగుండు కొట్టులు బ్రిటిషు సైన్యమునకు అవసరమయ్యెను. వారి దృష్టి ఈ పాతగనులపై పడెను. టన్నెల్ క్వారీ, ఈస్ట్‌లేస్, మాంక్‌టన్ ఫార్లీ అను గనులను తీసికొని, లోపల పేరుకొనియున్న రాతిచెత్తను ఎత్తించి, నేలను చదునుచేయించిరి. పనిలేక యున్న బొగ్గుగని కార్మికులు వేల్సు, డర్హాము ప్రాంతములనుండి వచ్చి ఈ పని చేసిరి. తడిగాలి తగిలినచో మందుగుండు చెడును గనుక గాలిని ఆరబెట్టు యంత్రములు పెట్టిరి. పెట్టెలను ఒకచోటినుండి మరియొకచోటికి చేరవేయుటకు కదలెడు పట్టాలను అమర్చిరి. మేము చూచిన చిన్న ద్వారము టన్నెల్ క్వారీకి పోవు రైలుదారి. పెద్దదారినుండి చీలిన రైలు ఆ ద్వారమున దూరి, భూగర్భములోనున్న ప్లాట్‌ఫారము ప్రక్కన నిలుచుచుండెను.

ఇదంతయు విని నేను విస్మయము చెందితిని. ఇంటికి తిరిగివచ్చుచు మనుమడు, "తాతయ్యా, మనము దీనిని బల్లపై కట్టుదమా?" అని అడిగెను. ఆ ప్రశ్నతో నా తోచుబాటు తీరెను.

మా అమ్మాయికి మాత్రము ఇది రుచింపలేదు. "నాన్నా, పిల్లవానికి ఆటవస్తువుగా మందుగుండు కొట్టా? మీకు మరేమియు దొరకలేదా?" అనెను. ఆమె మాటలో న్యాయమున్నది. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. మనుమడే కొంతసేపు ఆలోచించి, "అమ్మా, 1960వ దశకములో ఆ కొట్టు మూతపడినది గదా! మేము మందుగుండు లోపలికి వచ్చుట చూపము, బయటికి వెడలిపోవుట చూపుదుము" అనెను. ఆమె నవ్వి ఊరకుండెను. నేడు ఆ ఈస్ట్‌లేస్ గనిలో ఖరీదైన ద్రాక్షాసవపు సీసాలు నిలువచేయబడుచున్నవి. చల్లదనమును చీకటియు మందుగుండునకు పనికివచ్చినట్లే సీసాలకును పనికివచ్చినవి.

మాకున్న చోటు చాల స్వల్పము. మనుమని గదిలో కిటికీ క్రింద 120 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుగల ఒక పలక మాత్రమే పట్టును. బొమ్మరైలు గుండ్రముగా తిరుగుటకు అది చాలదు. అయినను సొరంగమును మించిన స్నేహితుడు చిన్నచోటికి వేరొకడు లేడు. ఆకాశము చూపనక్కరలేదు, ఊళ్ళు, పొలములు కట్టనక్కరలేదు. రైలు ఒక రంధ్రములో దూరినచో అది ఎంతదూరము పోయినదో చూచువాని మనస్సే ఊహించుకొనును.

మేము ఎన్నుకొన్న కొలత 1:76. అనగా నిజమైన వస్తువులో డెబ్బదియారవ వంతు. ఆ కొలతలో అయిదున్నర అడుగుల మనుష్యుడు 22 మిల్లీమీటర్లు మాత్రమే యుండును. మా పలక నిజలోకములో 91 మీటర్ల పొడవు గల స్థలమునకు సమానము. బాక్స్ సొరంగమును పూర్తిగా ఇదే కొలతలో కట్టవలెనన్న 38 మీటర్ల బల్ల కావలయును!

లెక్కలు వేయుచుండగా మనుమడొక చిక్కు కనిపెట్టెను. "తాతయ్యా, నిజమైన పట్టాల నడుమ దూరము 1435 మిల్లీమీటర్లు. డెబ్బదియారుతో భాగించిన దాదాపు 19 రావలెను. మన పట్టాల నడుమ 16.5 మాత్రమే యున్నదేమి?" నేను పుస్తకములు వెదకి సమాధానము తెలిసికొంటిని. ఐరోపాఖండమున వాడు కొలత 1:87, 16.5 మిల్లీమీటర్ల పట్టాలు దానికి సరిపోవును. కాని బ్రిటిషు ఇంజనులు చిన్నవి. వానిని అదే కొలతలో చేసినచో ఆనాటి మోటార్లు లోపల పట్టకపోయెను. అందుచేత పట్టాలను మార్పక ఇంజను బొమ్మను మాత్రమే కొంచెము పెద్దదిగా చేసిరి. ఆ సర్దుబాటు నేటికిని నిలిచియున్నది.

పలకను మేము మూడు భాగములు చేసితిమి. ఎడమవైపున 45 సెంటీమీటర్లు వెలుపలి దృశ్యము. రెండు ద్వారములును అక్కడనే. పెద్ద ద్వారము వట్టి ముఖమే. లోపల నల్లరంగు పూసితిమి. నడుమ 30 సెంటీమీటర్లు మూసియున్న కొండ. కుడివైపున 45 సెంటీమీటర్లు భూగర్భపు కొట్టు. దాని ముందరిగోడను కోసివేసి లోపల కనబడునట్లు చేసితిమి. అందులో ఒక ప్లాట్‌ఫారము, దాని కిరుప్రక్కల రెండు పట్టాలదారులు. ఎడమకొనను వేరొక చిన్నపలకను తగిలించితిమి. అది ఒక మేకుపై ఇటునటు తిరుగును. దానిపై నున్న మూడుదారులలో దేనినైనను ముందున్న పట్టాలకు కలుపవచ్చును. దానిని సెక్టర్ ప్లేట్ అందురు. మా చిన్నరైలునకు లోకములోని తక్కిన స్టేషనులన్నియు ఆ పలకయే.

కొండకు అట్టపెట్టెల పట్టీలు ఎముకలు; జిగురులో నానబెట్టిన పాతపత్రికలు మాంసము; ప్లాస్టరు చర్మము. తేనెరంగు కొరకు రంగులు కలిపి కలిపి విసిగితిమి. తుదకు ప్లాస్టరులో చిక్కని తేనీరు పోయగా అది కుదిరెను. స్తంభములపై రంపపుగాట్లు మనుమడు సూదితో గీసెను. పాత సైకిలుట్యూబు నుండి కోసిన నల్లని పట్టీ పెట్టెలు మోయు కదలుపట్టీ యయ్యెను. కప్పునుండి ఆరు చిన్న దీపములు వ్రేలాడదీసితిమి. ఇంజనుగా చిన్న డీజిల్ ఇంజనునే తెచ్చితిమి. ఆవిరియింజను కడుపులో నిప్పు మండుచుండును. మందుగుండు కొట్టులోనికి నిప్పును ఎవ్వరు తీసికొనిపోవుదురు? దాని వెనుక నాలుగు చిన్నపెట్టెలు. ఇంజను 10 సెంటీమీటర్లు, ఒక్కొక్క పెట్టె 8 సెంటీమీటర్లు. మొత్తము 42 సెంటీమీటర్ల రైలు 45 సెంటీమీటర్ల కొట్టులో సరిగా ఇమిడెను.

అన్నియు అమర్చిన పిదప మనుమడు చేతులు కట్టుకొని చూచి, "తాతయ్యా, ఏదో లోపమున్నది. మనుష్యులు ఎవ్వరును లేరు" అనెను. నిజమే. ఇంజనును, దీపములను, గోడలను తలచితిమి గాని అక్కడ పెట్టెలు మోసినవారిని తలపలేదు. మరునాడు మెత్తని మట్టితో తొమ్మిదిమంది మనుష్యులను చేసితిమి. ఒకడు మాత్రము పెట్టెపై కూర్చుండి అలసట తీర్చుకొనుచుండునట్లు మనుమడు చేసెను.

ఇక నా తప్పు సంగతి చెప్పవలయును. కొట్టులో రెండు దారులున్నవి. ద్వారమున ఒక్కటే దారి. ఒకటి రెండుగా చీలుచోట పాయింటు ఉండవలెను గదా! అది నడుమనున్న మూసిన కొండలో పడెను. ఆ ఊరి గ్రంథాలయములో శని, ఆదివారములు పిల్లల చేతిపనుల ప్రదర్శన జరుగనున్నది. గురువారము రాత్రి నేను కొండను అతికించుటకు జిగురు పూయుచుండగా మనుమడు, "తాతయ్యా, పాయింటు లోపలనే యున్నది. అది చెడినచో చేయి ఎట్లు దూరును?" అని అడిగెను.

కొండపై మూత కోయవలెనన్న మరి రెండుదినములు పట్టును. ప్రదర్శనకు ఒక్కదినమే యున్నది. అంతకన్న పెద్దకారణము మరియొకటి యున్నది. "ముప్పదియైదేండ్లు పాయింట్లు చూచినవాడను, బాబూ! నేను వేసినది చెడదు" అంటిని. వాడు మారుమాటాడలేదు. తాతమాటపై నమ్మకముతో జిగురుసీసా అందించెను.

శనివారము ఉదయమున గ్రంథాలయమునకు పిల్లలు చాలమంది వచ్చిరి. రైలు మూడుసార్లు చక్కగా పోయివచ్చెను. నాలుగవసారి చిన్నద్వారమున దూరినది, కుడివైపున బయటపడలేదు. పిల్లలు వంగి వంగి చూచుచుండిరి. నేను విద్యుత్తును ఆపితిని, మరల పెట్టితిని, వెనుకకు నడుపజూచితిని. లోపల ఇంజను గరగరలాడినది గాని కదలలేదు. ఒక కట్టెపుల్లతో పొడిచితిని. ఏదో దొర్లిన చప్పుడయ్యెను. అంతటితో అదియును పోయెను.

నా ముఖమున చెమట పట్టెను. అప్పుడు మనుమడు ముందునకు వచ్చి, నిలుచున్నవారితో, "రైలు లోపల చిక్కుకొన్నది. చేయి దూరుటకు దారి పెట్టలేదు. తప్పు మాది. రేపు తప్పక చూపెదము" అనెను.

తప్పు మాది యనెను! హెచ్చరించినవాడు వాడు, వినకపోయినవాడను నేను. ఆ 'మాది' అను మాట నన్ను పొడిచినట్లు ఎవ్వరి నిందయు ఇంతకుముందు పొడువలేదు.

ఆ రాత్రి మేమిద్దరము సన్నని రంపముతో కొండపైభాగమును కోసితిమి. మొదటి పెట్టె పట్టాలు తప్పి ఒరిగియుండెను. తక్కినవి నా కట్టెపుల్ల దెబ్బకు దొర్లినవి. కారణమేమో యని దీపము పెట్టి చూడగా, పాయింటు నాలుక సందులో పెసరగింజ యంత ప్లాస్టరుముక్క కనబడెను. కొండ లోపలిప్రక్కను మేము నున్నచేయలేదు. ఎవ్వరికిని కనబడదు గదా యని విడిచితిమి. అక్కడినుండియే అది రాలెను.

"రైల్వేలో పాయింట్లను ఎట్లు చూచుకొనుచుంటిరి, తాతయ్యా?" అని వాడడిగెను. దినము తప్పక తుడుచుట, నూనె వేయుట, నాలుక పట్టాకు గట్టిగా అంటినదో లేదో పరీక్షించుట మొదలైన పనులన్నియు చెప్పితిని. చెప్పుచుండగా నాకే సిగ్గు కలిగెను. ఆ ముప్పదియైదేండ్లును పాయింట్లు చెడకుండుటకు కారణము నా నేర్పు కాదు. ప్రతిదినము ఎవరో ఒకరు వాని యొద్దకు పోయి చూచుటయే. "నేను వేసినది చెడదు" అన్ననాడు ఆ సంగతిని మరచితిని.

అప్పుడు వానికి నేను ఆ గ్రంథాలయములోనే చదివిన ఒక సంగతి చెప్పితిని. స్టాఫర్డ్‌షైరులోని ఫాల్డ్ అను చోట భూగర్భపు జిప్సము గనిలో బ్రిటిషు వైమానికదళము బాంబులను నిలువచేసెను. 1944వ సంవత్సరము నవంబరు 27వ తేదీన అవి పేలినవి. వేలకొలది టన్నుల మందుగుండు ఒక్కసారి పేలుటచే పైనున్న నేల ఎగిరిపోయెను. ఒక పొలమును, అందలి యిల్లును మాయమయ్యెను. సమీపముననున్న చెరువుకట్ట తెగి బురదనీరు దిగువనున్న ప్లాస్టరు కర్మాగారమును ముంచెను. సుమారు 70 మంది మరణించిరి. నాటి గొయ్యి నేటికిని అక్కడ నున్నది. ఒక పనివాడు బాంబునుండి పేలుడు మీటను ఇత్తడి ఉలితో తీయుచుండగా నిప్పురవ్వలు లేచుట చూచితినని విచారణలో ఒక సాక్షి చెప్పెను. అట్లు చేయుట నియమములకు విరుద్ధము.

మనుమడు చాలసేపు మాటాడలేదు. పిదప, "అతడు త్వరపడెనేమో, తాతయ్యా" అని మెల్లగా అనెను.

"నావలెనే" అంటిని.

వాడు నా వంక చూచి నవ్వెను. మా యిద్దరి నడుమ అంతవరకు నిలిచియున్న బరువు ఆ నవ్వుతో దిగిపోయెను. కోసిన ముక్కకు ఒకప్రక్క సన్నని బందు వేసి దానినే మూతగా చేసితిమి. దానిపై చిన్నచెట్లు నాటి అతుకు కనబడకుండ చేసితిమి. కొండ లోపలిప్రక్కను గీకి, నున్నచేసి, రంగు పూసితిమి. తెల్లవారుసరికి పని ముగిసెను.

ఆదివారమున రైలు సాయంకాలము వరకు ఆగక నడచెను. అయినను మనుమనికి రైలును చూపుటకన్న మూతను చూపుటయందే ఉత్సాహము మెండుగ నుండెను. వచ్చినవారందరికిని చెట్లతోకూడ కొండను ఎత్తి, "ఇదిగో, ఇక్కడనే నిన్న రైలు చిక్కుకొన్నది" అని చూపుచుండెను. దాచిపెట్టవలసిన తప్పును వాడు అందరికిని పాఠముగా చేసెను. మా అమ్మాయియు వచ్చి చూచెను. తలుపులు తెరచియున్న ఖాళీ పెట్టెలతో రైలు చీకటినుండి వెలుగులోనికి వచ్చుచుండగా ఆమె తన కొడుకు భుజముపై చేయి వైచి నిలుచుండెను.

నేను స్వదేశమునకు తిరిగివచ్చి చాలకాలమైనది. మనుమడు అప్పుడప్పుడు ఉత్తరము వ్రాయుచుండును. మొన్నటి ఉత్తరములో ఇట్లు వ్రాసెను: "తాతయ్యా, రైలు బాగుగా నడచుచున్నది. అయినను ప్రతి ఆదివారము మూత తీసి పాయింటు తుడుచుచున్నాను."

ఆ ఉత్తరమును చదివి నేను లేచి, చాలదినములుగా తెరువని మా నూతిమూతను తీసి లోనికి చూచితిని.